ప్యాకెట్ మీద ఊరి పేరు

కోకో గింజలు పులిసేటప్పుడు వచ్చే వాసన కొత్తవాళ్ళకు పడదు. సిర్కా, అదే వెనిగర్, సీసా మూత తీసినట్టుంటుంది. 2003 నవంబరులో రామన్నగూడెం కొబ్బరితోటలో నేను ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంటే కొండమ్మ నవ్వింది.

"చున్నీ తీసి చెయ్యి పెట్టు పిల్లా."

చెక్కపెట్టె నిండా తెల్లటి గుజ్జుతో గింజలు. అడుగున అరిటాకులు, పైన గోనెపట్టా. మోచేతిదాకా లోపలికి పెట్టాను. జ్వరం వచ్చిన మనిషి ఒంటిలా కాలిపోతోంది.

"అలా కాలాలి. అప్పుడే గింజ లోపల చస్తుంది. చావకపోతే ఎంత వేయించినా మీ చాక్లెట్టుకి రుచి రాదు."

ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు పెట్టెలూ బూజు పట్టిపోతే ఏట్లో పారబోసి, మూడోదానికి తనే కనిపెట్టింది. అప్పటిదాకా ఆ ఊళ్ళో కోకో కాయ పగలగొట్టిన రోజే పచ్చిగింజలు ఏజెంటు అమరేశ్వరరావు బండెక్కిపోయేవి. ఆయన చెప్పిందే ధర. ఆ ఏడు కొండమ్మ పదకొండుమంది ఆడవాళ్ళను కూడగట్టి గింజలు అమ్మకుండా ఆపింది. ఆరు రోజులు పులియబెట్టాలి, రోజు మార్చి రోజు తిప్పాలి, చాపల మీద వారంపైన ఎండబెట్టాలి. ఏ పెట్టె ఏ రోజు తిప్పారో కోడలు అహల్య నోట్‌బుక్కులో రాసేది. ఆ పిల్ల ఇంటర్ పాసయింది. ఎక్కువ మాట్లాడేది కాదు.

ఆ మధ్యాహ్నమే అమరేశ్వరరావు మోటారుసైకిలు మీద వచ్చాడు. దిగలేదు.

"ఏంటి కొండమ్మా, ఆడాళ్ళంతా కలిసి ఫ్యాక్టరీ పెట్టేశారంట? సరదా తీరాక నా గుమ్మం దగ్గరకొస్తే మాత్రం తీసుకోను. ముందే చెబుతున్నా."

"తీసుకోవద్దులెండి. ఈ పిల్ల వాళ్ళమ్మగారు తీసుకుంటారు. హైదరాబాదులో చాక్లెట్టు చేస్తారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మొత్తం తీసుకుంటారా?"

"మొత్తం తీసుకుంటం," అన్నాను. "కాయలు అయిపోయేదాక. ప్యాకెట్ మీద ఊరి పేరు వేస్తం. పన్నెండుమంది పేర్లు కూడా."

అది నా సొంత మాట కాదు. అక్టోబరులో మా అమ్మ సుగుణమణి అదే తోటలో, చాపల మధ్య నిలబడి చెప్పిన మాట. నేను దాన్ని మళ్ళీ చెప్పానంతే. కానీ చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగా పలికింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పని ఆపి నా వైపు చూడడం నాకు బాగుండింది. అప్పుడు నాకు ఇరవైనాలుగేళ్ళు.

*

నాంపల్లి స్టేషను వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. నాన్న పోయి నాలుగేళ్ళయింది. అమ్మ ఇరవై ఏళ్ళు ఒక మిషను స్కూల్లో ఆడపిల్లలకు వంటా, కుట్లూ నేర్పింది. ఆ క్లాసు ఎత్తేశాక ఒక శాలువా కప్పి పంపేశారు. తర్వాత క్రిస్మస్ కేకులు చేసి చర్చిలో అమ్మేది. వేసవిలో మా చిన్నమ్మను చూడడానికి ఏలూరు వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పక్కనున్న రామన్నగూడెం నుంచి సంచిలో ఒక కోకో కాయ తెచ్చింది. "బజార్ల దొరికే చాక్లెట్ నాలుక మీద మైనం లెక్క ఉంటది. అసలుది గిందులకెల్లి వస్తదట. మనం చేద్దాం," అంది.

ఎవర్నీ అడగలేదు, ఏ క్లాసుకూ పోలేదు. ఊరి నుంచి వచ్చిన గింజలు బాణలిలో వేయించింది. పొట్టు చేటతో చెరిగింది. ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు పాతది ఒకటి కొని, అందులో వేసి రెండు రోజులు ఆపకుండా తిప్పింది. మొదట రవ్వలా ఉంది. పడేసింది. గ్రైండరు గిన్నెను వేడి చేసి మళ్ళీ వేసింది. చాతకాదని నేను అన్న ప్రతిసారీ "ఒర్రకు, గరిటె ఇయ్యి," అనేది. అమ్మ మీద నాకున్న నమ్మకం ఆ రోజుల్లోదే.

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు బాలమల్లన్న ఒకనాడు మెట్లు దిగి వచ్చాడు.

"సుగుణమ్మా, గిదేం గ్రైండరమ్మా, రెండు దినాల సంది బందే అయితలేదు. ఇడ్లీ బండి గిట్ల పెడుతున్నవా ఏంది?"

"జర ఓపిక పట్టు బాలమల్లన్నా. మొదటి ముక్క నీకే."

డిసెంబరు చలి మాకు కలిసొచ్చింది. పాలరాయి పలక మీద పోసి, అట్లకాడతో అటూ ఇటూ లాగి, అచ్చుల్లో నింపితే ఆ రోజు చాక్లెట్ మెరుస్తూ గట్టిపడింది. విరిస్తే టప్పుమంది. అమ్మ ముందు ప్రార్థన చేసి, తర్వాత నోట్లో పెట్టుకుంది. చాలాసేపు కళ్ళు మూసుకుని స్టూలు మీద కూర్చుంది.

"జిప్పీ, గిది మనం చేసినమా?" అని నన్నడిగింది.

ముందు చేదు, తర్వాత ఎండుద్రాక్షలాంటి పులుపు, చివర్న తేనె. నాకు కొండమ్మ పెట్టెలో చెయ్యి పెట్టినప్పటి వేడి గుర్తొచ్చింది. బాలమల్లన్న ఒక ముక్క చప్పరించి "చేదుగుంది" అన్నాడు. మెట్లదాకా పోయి వెనక్కి తిరిగి, "ఇంకోటియ్యి చూద్దాం," అన్నాడు.

ఆ వారమే శశికిరణ్ మా ఇంటికి వచ్చాడు. ఆబిడ్స్‌లో అతనికి పెద్ద కేకుల దుకాణం ఉంది. వాళ్ళ నాన్న ఎప్పుడో భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డాడు. చర్చిలో ఎవరో ఇచ్చిన ముక్క తిని, అడ్రసు కనుక్కుని వచ్చానన్నాడు. మా ఇరుకు వంటగదిలో నిలబడే మూడు ముక్కలు తిన్నాడు.

"ఎక్సలెంట్ ఆంటీ! ఇంపోర్టెడ్ కోకో అనుకుంటాను?"

"కాదండీ. రామన్నగూడెంది. ఏలూరు దగ్గర," అన్నాను.

అతను నవ్వాడు. "ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పకండి."

జోకు అనుకుని నేనూ నవ్వాను. జనవరిలో నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తన స్టాలు ఉంటుందనీ, అందులో సగం మాకిస్తాననీ చెప్పాడు. "క్లిక్కయితే ఆబిడ్స్ షాపులో సెపరేట్ కౌంటర్ పెడదాం ఆంటీ. సుగుణమణి చాక్లెట్స్ అని బోర్డు కూడా." బోర్డు అన్నప్పుడు అమ్మ చెంగుతో చేతులు తుడుచుకోవడం ఆపేసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పెళ్ళిచూపుల్లో నచ్చిందని చెప్పించుకున్న పిల్ల ముఖంలా ఉంది.

"నువ్వు జర బజారుకు పోయి రా జిప్పీ," అంది. "మౌజంజాహీ మార్కెట్ల నారింజలు తే. తొక్క వేసి చూద్దాం." నేను నారింజలు తెచ్చేసరికి శశికిరణ్ వెళ్ళిపోయాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, స్టాలు సంగతేనంది.

రేపరు మీద ఏం అచ్చువేయాలో నేనే రాశాను. పైన 'రామన్నగూడెం కోకో' అనీ, లోపలివైపు చిన్న అక్షరాల్లో కొండమ్మతో మొదలుపెట్టి పన్నెండు పేర్లూ. స్పెల్లింగులు తప్పు పోకూడదని అహల్య చేత నోట్‌బుక్కులో రాయించుకొచ్చాను. ఆ కాగితం ప్రెస్సుకు నేనే తీసుకుపోతానన్నాను.

"అది నేనే తీస్కపోత," అంది అమ్మ. "నువ్వు క్రిస్మస్ అయినంక ఊరికి పో. నుమాయిష్‌కి మంచి గింజలు రావాలె. మొత్తం మనమే తీసుకుంటమని మళ్ళొకసారి చెప్పు. లేకుంటే ఆ ఏజెంటుకు అమ్ముకుంటరు."

వెళ్ళాను. మళ్ళీ చెప్పాను. ఎండు గింజలు రెండు బస్తాలు రైల్లో తెచ్చుకున్నాను. "జనవరిలో మేమే తెస్తాం పిల్లా," అంది కొండమ్మ. "మా పేర్లు కళ్ళతో చూసుకున్నట్టుంటుంది."

*

జనవరి మొదటివారంలో ప్రెస్సు నుంచి అట్టపెట్టె ఆటోలో వచ్చింది. తాడు తెంపి పైన ఉన్న రేపరు తీశాను. ముదురు గోధుమరంగు కాగితం, బంగారు అక్షరాలు. పెద్దగా అమ్మ పేరు. కింద ఇంగ్లీషులో, 'అసలైన బెల్జియం కోకోతో తయారైనది' అని. వెనక్కి తిప్పాను. ఖాళీ.

"అమ్మా, గిదేంది?"

అమ్మ గ్రైండరు గిన్నె కడుగుతోంది. "చూస్తున్నవు కదా."

"పేర్లేవి?"

"జాగ చాలలే."

"బెల్జియం అని రాయనీకి జాగ చాలిందా?"

నీళ్ళు పారబోసి, నా ఎదురుగా వచ్చి కూర్చుంది. కేకలు వేయలేదు. స్కూల్లో పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"రామన్నగూడెం అంటే ఆబిడ్స్‌ల ఎవడన్న కొంటడా? శశికిరణ్ చెప్పింది నిజమే. ఇరవై ఏండ్లు నేర్పిన జిప్పీ. నా కాడ నేర్చుకున్నోళ్ళు బేకరీలు పెట్టుకున్నరు. ఒక్కరన్న నా పేరు తీసిన్రా? గీ ఒక్క నుమాయిష్ పోనీ. జనం నోటికి అలవాటైనంక నువ్వు రాసిచ్చిందే వేద్దాం."

"అబద్ధం కదమ్మా."

"చాక్లెట్ మంచిది. గదైతే అబద్ధం కాదు కదా."

ఒక్క నుమాయిషే కదా అనుకున్నాను. ఆ రోజు నేను ఆ పెట్టె ముట్టకుండా ఉండాల్సింది. కానీ సాయంత్రందాకా అమ్మ పక్కన కూర్చుని ఆ రేపర్లే చుట్టాను.

స్టాలు బాగా నడిచింది. మిర్చిబజ్జీల నూనె వాసనలో, మైకుల గోలలో, కాలేజీ పిల్లలూ, గన్‌ఫౌండ్రీ బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళూ ఆగి తినేవారు. "బెల్జియమా, అందుకే ఇట్లుంది," అనుకుంటూ కొనేవారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, తల పైకెత్తి నిలబడేది.

మూడో ఆదివారం కొండమ్మ, అహల్య వచ్చారు. పొద్దున్నే మూడు బస్తాల గింజలు మా ఇంట్లో దించి, మొహాలు కడుక్కుని, నేను వద్దన్నా వినకుండా టిక్కెట్లు కొనుక్కుని లోపలికొచ్చారు. వాళ్ళను స్టాలు దాకా నడిపించుకుంటూ వస్తున్నంతసేపూ ఏం చెప్పాలో వెతుక్కుంటూనే ఉన్నాను. ముందే చెప్పేద్దామని రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ కొండమ్మ రంగులరాట్నం వైపో, గాజుల దుకాణం వైపో చూపించి ఏదో అడిగింది.

స్టాలు ముందు ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు నాలుగు ప్యాకెట్లు కొంటున్నారు. కొండమ్మ పక్కకు నిలబడి వాళ్ళు వెళ్ళేదాకా చూసింది. తర్వాత ఒక ప్యాకెట్టు రెండు చేతులతో తీసుకుంది.

"టీచరమ్మగారూ, మా ఊరి పేరెక్కడుందండీ?"

అమ్మ బంగారు అక్షరాల మీద వేలు పెట్టింది. "గిదే కొండమ్మా. ఇంగ్లీషుల ఉంది." తర్వాత నా వైపు చూసింది. "ఔ కదా జిప్పీ?"

"ఔ," అన్నాను.

కొండమ్మ బెల్జియం అనే మాటను బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది. "మరి మా పేర్లో?"

"లోపల ఉన్నయి. విప్పితే పాడైతది," అంది అమ్మ. పన్నెండు ప్యాకెట్లు లెక్కపెట్టి సంచిలో వేసి ఇచ్చింది. "ఊర్ల అందరికీ నేనిచ్చిన్నని చెప్పు."

అహల్య ఇంకో ప్యాకెట్టు తీసి చూసింది. ఎక్కడ తీసిందో అక్కడే సరిగ్గా పెట్టేసింది.

*

సాయంత్రం రైలుకు ఇంకా గంట ఉంది. నాంపల్లి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. కొండమ్మ సంచిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరెవరికి ఏ ప్యాకెట్టో చెబుతోంది. ఒకావిడ చదువుకున్న మనవడికి చూపిస్తుందట. ఒకావిడ గాజు బీరువాలో పెడుతుందట.

"అత్తా," అంది అహల్య. "ఊళ్ళో పంచకు."

"ఏమే?"

"అందులో మన ఊరి పేరు లేదు. బెల్జియం అని రాసుంది. అదేదో దేశం. గింజలు అక్కడివని రాశారు."

కొండమ్మ నవ్వబోయి ఆగింది. నా వైపు తిరిగింది.

"నువ్వు ఔనన్నావు కదా పిల్లా?"

పక్క ప్లాట్‌ఫాం మీద ఏదో బండి వచ్చి, జనం దిగి, వెళ్ళిపోయారు. అంతసేపూ ఆమె నా ముఖమే చూసింది. తిట్టలేదు. తిడితే నేను ఏడ్చి ఉండేదాన్ని. అది ఆమెకు తెలుసేమో.

"మా బస్తాలు మీ ఇంట్లోనే ఉన్నాయిగా. తెచ్చివ్వగలవా?"

పరుగెత్తాను. అమ్మ స్టాలులో ఉంది. తాళంచెవి నా దగ్గరుంది. బాలమల్లన్న ఏమీ అడగకుండా ఒక్కొక్క బస్తాకూ రెండో కొస పట్టుకుని ఆటో ఎక్కించాడు. రైలు కదలడానికి కొద్ది నిమిషాల ముందు ఆ మూడు బస్తాలూ పెట్టెలోకి తోశాం. కొండమ్మ ఎక్కి, చాక్లెట్ సంచి నా చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, నేను..."

"పదకొండుమందికి ఏం చెప్పాలో నేను ఆలోచించుకోవాలి. నువ్వెళ్ళు."

మర్నాడు పొద్దున అమ్మ వంటగది మూల ఖాళీగా ఉండడం చూసింది. గొడవకు సిద్ధపడే నేను కూర్చున్నాను. ఆమె చాయ్ పోసుకుంది.

"పంపించినవా? పోతే పోనీ. ఎట్లయినా వచ్చే సోమవారం సంది శశికిరణ్ రెడీమేడ్ చాక్లెట్ స్లాబులు పంపిస్తడు. కరిగించి పోసుడే. ఇగ గ్రైండర్ తోటి పని లేదు."

"స్లాబులా? గీ మాట ఎప్పుడనుకున్నరు?"

"ఆయన మనింటికొచ్చిన దినమే."

నన్ను నారింజలకు పంపిన రోజు.

"మరి తర్వాత నన్ను ఊరికెందుకు పంపినవ్ అమ్మా? మొత్తం తీసుకుంటమని ఎందుకు చెప్పించినవ్?"

"మొదటి మాలు మంచిగుండాలె కదా. పేరు రావాలె కదా," అంది అమ్మ. చాయ్‌లో రొట్టె ముంచుకుని, నాకూ ఒక ముక్క అందించింది. "నువ్వు చెప్తే నమ్ముతరు. నేను చెప్తే ఆ కొండమ్మ సవాలచ్చ అడుగుతది."

చాలా ఏళ్ళుగా ఆ వాక్యాన్ని మర్చిపోవాలని చూస్తున్నాను. రేపరు మీది అబద్ధాన్ని అమ్మ నా దగ్గర దాచలేదు. ఎందుకు చేసిందో కూర్చోబెట్టి చెప్పింది. కానీ ఊరికి నన్ను పంపింది మాత్రం, నాకు తెలియకుండా నా నోటితో అబద్ధం ఆడించడానికి. నేను నిజమనుకుని చెబితేనే అది వాళ్ళ దగ్గర చెల్లుతుందని ఆమెకు తెలుసు.

స్లాబులు వచ్చాయి. మైనంలాంటి చాక్లెట్టే, ఏ రుచిని ఆమె అసహ్యించుకునేదో అదే. దానికీ అదే రేపరు చుట్టారు. ఫిబ్రవరి పదిహేనున నుమాయిష్ మూసేదాకా జనం కొంటూనే ఉన్నారు. రుచి మారిందని ఒక్కరూ అనలేదు. బాలమల్లన్న ఒక్కడే ఒక ముక్క తిని, రెండోది అడగకుండా పైకి వెళ్ళిపోయాడు.

నేను గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఏప్రిల్లో ఆబిడ్స్‌లో బోర్డు పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నేను వెళ్ళాను, చివర్లో నిలబడ్డాను. ఆ కౌంటరు ఆరేళ్ళు నడిచింది. మేమిద్దరం ఆ ఇంట్లోనే ఉన్నాం, ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకున్నాం. అమ్మకు జబ్బు చేస్తే నేనే దవాఖానకు తీసుకుపోయాను. ఆమె ఏ మాట చెప్పినా, దాని వెనక ఇంకేముందో అని ఆగి ఆలోచించడం మాత్రం పోలేదు.

బోర్డు పెట్టిన మరుసటి నెల, మేలో సెలవు పెట్టి రామన్నగూడెం వెళ్ళాను. బస్సు దిగిన దగ్గరే తెలిసింది. ఆ మూడు బస్తాలూ, తర్వాతి కోతా అమరేశ్వరరావు నెలరోజులు తిప్పించుకుని, చివరికి అందరి ముందూ ఎగతాళిగా నవ్వి తీసుకున్నాడట. నలుగురు ఆడవాళ్ళు కోకో మొక్కలు నరికేశారు. మిగిలినవాళ్ళు కొండమ్మతోనే ఉన్నారు. ఎవరు కొంటారో తెలియకుండానే మళ్ళీ పెట్టెలు నింపుతున్నారు.

తోటలో ఆమె కాయలు పగలగొడుతోంది. చుట్టూ ఏడుగురు నేలమీద కూర్చుని గింజలు తీస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఆపింది. క్షమించమని అడగాలని రైల్లో కూర్చిపెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"పని చేద్దామని వచ్చాను పెద్దమ్మా. ఆదివారాలు వస్తాను. ఏదైనా చెప్పు, చేస్తాను," అన్నాను. చెప్పులు విడిచి, వాళ్ళ మధ్య కూర్చోబోయాను.

"అయ్యో, కింద వద్దండీ. మట్టి," అంది కొండమ్మ. లోపలికి కేక వేసింది. "అహల్యా, హైదరాబాదు నుంచి అమ్మగారొచ్చారు. కుర్చీ తీసుకురా."

అహల్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, చెట్టు నీడలో వేసింది. ఎనిమిదిమందీ పని ఆపి చూస్తున్నారు.

"కూర్చోండి," అంది కొండమ్మ. "మంచినీళ్ళు తాగుతారా?"

నేను కుర్చీలో కూర్చున్నాను.